రద్దుకి ముస్తాబు

"మామయ్యా, మీవైపు ఎత్తండి!"

"ఎత్తాను తల్లీ. ఇంతకంటే ఎత్తితే నేను పోతాను, సోఫా మిగుల్తుంది."

మూడు సీట్ల సోఫా వీధి గుమ్మంలో ఇరుక్కుపోయింది. ముందుకాళ్ళు ఇంట్లో, వెనక్కాళ్ళు వీధిలో. కోడలూ మామయ్యా వీధివైపు ఉండిపోయారు. అత్తయ్య ఇంట్లో ఉంది. ఫోను కూడా ఇంట్లోనే ఉంది.

ఆ ఫోను మోగింది.

"అత్తయ్యా! ఎత్తకండి!"

"దేన్ని? సోఫానా?"

"ఫోను! ఫోను ఎత్తకండి!"

"మోగుతోందిగా అమ్మాయ్. ఎత్తకపోతే పాపం వాళ్ళేమనుకుంటారు?"

అదీ అత్తయ్య. పుట్టి బుద్ధెరిగాక ఒక్కర్ని కాదన్న పాపాన పోలేదు. ఒకసారి ఇంట్లో దొంగ పడబోతే, ఈ తలుపు బిగుసుకుపోయింది నాయనా, పెరటివైపు రా అని చెప్పిందని వీధిలో అనుకుంటారు. అది పచ్చి అబద్ధం. కిటికీవైపు రమ్మంది.

స్థలం అమ్మకం కూడా అలాగే మొదలైంది. వీధి చివర అత్తయ్య పేరున ఉన్న ఖాళీ స్థలాన్ని, కొత్త కళ్ళజోడు పెట్టించుకోడానికి వెళ్ళినప్పుడు కళ్ళజోళ్ళ షాపాయన అడిగాడు. "అమ్ముతారామ్మా?" అన్నాడు. అద్దాల్లోంచి అతని మొహం అంత స్పష్టంగా కనబడేసరికి అత్తయ్యకి జాలేసి, "పర్లేదు బాబూ, తీసుకో" అనేసింది. అగ్రిమెంటు రాశారు, అడ్వాన్సు ఇచ్చాడు. మిగతా సొమ్ము ఇచ్చి రిజిస్ట్రేషను చేయించుకోవలసిన గడువు వచ్చింది. అతను రాలేదు. ఇంకొంచెం ఆగమ్మా అన్నాడు, అత్తయ్య ఆగింది. మళ్ళీ ఆగమన్నాడు, మళ్ళీ ఆగింది. ఇంకో నెల పోతే రైళ్ళు కూడా ఆవిణ్ణి చూసి ఆగడం నేర్చుకునేవి.

అప్పుడు కోడలు ఊరుకోలేక లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఫలానా రోజు ఆఫీసు మూసేలోగా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషను చేయించుకో, లేకపోతే అగ్రిమెంటు రద్దు అని నోటీసు వెళ్ళింది.

ఆ ఫలానా రోజు ఇవాళే.

లాయరమ్మ రెండు సంగతులు మరీ మరీ చెప్పింది. ఒకటి, మనవైపు తప్పుండకూడదు. స్థలం ఖాళీగా ఉండాలి, అసలు కాగితాలు చేతిలో ఉండాలి, అత్తయ్య రిజిస్ట్రారాఫీసులో సంతకానికి సిద్ధంగా కూర్చోవాలి. అమ్మే మనిషే తయారుగా లేదన్న మాట రేపు ఎవరి నోటా రాకూడదు. రెండోది, అతను మళ్ళీ టైము అడిగితే అత్తయ్య సరే అనకూడదు. అందా, నోటీసు నీళ్ళపాలు, కథ మళ్ళీ మొదటికి.

మొదటి సంగతి వల్లే ఈ సోఫా గుమ్మంలోకి వచ్చింది. కోడలిది పాత సోఫాలకి స్ప్రింగులూ స్పాంజీ మార్చి కొత్త రెగ్జిను తొడిగే పని. ఆ ఇంట్లో సొంత కుర్చీ ఒక్కటి లేదు గానీ, ఊళ్ళో సగంమంది కూర్చునే సామానంతా అక్కడే ఉంటుంది. భోజనానికి కూర్చుంటే ఎవరి సోఫా మీద కూర్చున్నామో గుర్తుంచుకుని, చారు ఒలక్కుండా తినాలి. ఇంట్లో పట్టక ఈ మూడు సీట్లదాన్ని స్థలంలో తాటిపత్రి కప్పి ఉంచింది. ఖాళీ స్థలం అని రాసుకున్నాక అందులో సోఫా ఉంటే అది ఖాళీ ఎలా అవుతుందని లాయరమ్మ నిన్న సాయంత్రం అడిగింది. పొద్దున్నే మోసుకొచ్చారు.

రెండో సంగతి ఇంట్లో ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"హలో... ఆఁ బాబూ, నువ్వా... అయ్యో..."

కోడలికి ముచ్చెమటలు పోశాయి. "మామయ్యా, కళ్ళజోళ్ళాయనే!"

"అయ్యయ్యో... ఎప్పుడూ?... పాపం..."

ఒక్కో అయ్యోకి ఒక్కో గజం స్థలం పోతున్నట్టే అనిపించింది కోడలికి. ఇక లాభం లేదని, పెరటివైపు చుట్టి వెళ్ళే వ్యవధి లేక సోఫా ఎక్కింది. రెండో అడుగు వేసేసరికి పాత రెగ్జిను చిరిగి, కాలు మోకాలిదాకా స్ప్రింగుల్లో దిగబడిపోయింది.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకమ్మా, లోపలికి జరుగు" అన్నాడు మామయ్య. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. బస్సు దిగాడు గానీ బస్సు ఆయన్నించి దిగలేదు.

అత్తయ్య ఫోను పెట్టేసింది.

"ఏమన్నాడు?" కోడలు సోఫాలోంచే అడిగింది.

"ఏమంటాడు పాపం. అప్పిస్తానన్న బావమరిది ఆఖరి నిమిషంలో మొహం చాటేశాడట."

"మీరేమన్నారు?"

"అయ్యో అన్నాను."

"ఇంకా?"

"అయ్యయ్యో అన్నాను."

"అత్తయ్యా! టైమిచ్చారా?"

"అతను అడగందే నేనెలా ఇస్తాను? సాయంత్రం ఆఫీసుకొచ్చి మాట్లాడతానన్నాడు. రా బాబూ అన్నాను. రావద్దంటారా ఎవరైనా?"

"అంటారు! అందరూ అంటారు! మీరు తప్ప లోకంలో అందరూ అంటారు!"

"ఆ లోకంలోనే ఉండలేకపోయావా మరి, నా కొడుకుని చేసుకోకుండా?"

ఆ కొడుకు లారీ తోలుకుంటూ ఎక్కడో దూరపు రోడ్డు మీదున్నాడు కాబట్టి బతికిపోయాడు.

"అమ్మాయ్, ఆ నోటీసు చదివాను" అత్తయ్య గొంతు తగ్గింది. "'ఇందుమూలముగా హెచ్చరించడమైనది' అట. కింద నా సంతకం. నేనెప్పుడైనా ఎవర్నైనా హెచ్చరించానా? అది చదివి నాకే భయమేసింది. ఇంత రాక్షసి ఎవరా అని రెండోసారి పేరు చూసుకున్నాను."

"అలా రాయకపోతే పనవ్వదు అత్తయ్యా."

"ఎవరి పని?"

కోడలు స్ప్రింగుల్లోంచి కాలు లాక్కునే పనిలో పడింది. ఆ స్థలంలో షెడ్డు వేసుకోవాలని, సోఫాలన్నీ అక్కడికి చేర్చి, సొంతానికి ఒక గుమ్మం, ఒక బోర్డు పెట్టుకోవాలని ఆవిడ ఎన్ని నెలల్నించి అనుకుంటోందో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడగనిదానికి జవాబేం చెప్తాం?

"మీకు అమ్మాలనుందా, అత్తయ్యా? నిజం చెప్పండి."

"అతను అడిగాడు."

"మీకేం కావాలో అడుగుతున్నా."

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసి తుడిచింది. గాజు కరిగిపోతుందేమోనని మామయ్య కంగారు పడ్డాడు.

"బట్టలు మార్చుకొస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

మామయ్య గుమ్మంలో సోఫా మీదికి వంగి గుసగుసగా అన్నాడు. "నలభై ఏళ్ళ కాపురంలో నేను అడిగిన ప్రతిదానికీ సరే అంది. నేను అడగంది ఆవిడకేం కావాలో నాకూ తెలీదే తల్లీ."

అత్తయ్య పెళ్ళిళ్ళకి తీసే బట్టలు కట్టుకుని పెరటిగుమ్మంలోంచి చుట్టు తిరిగి వచ్చింది. సోఫాని గుమ్మానికి అప్పగించి ముగ్గురూ బయల్దేరారు.

*

రిజిస్ట్రారాఫీసులో బెంచీలు మనిషి కూర్చోడానికి చేసినవి కావు, కూర్చున్నవాళ్ళు త్వరగా లేచిపోవాలని చేసినవి. కోడలు అలవాటు కొద్దీ కింద చెయ్యి పెట్టి చూసింది. స్పాంజి లేదు, ఆశ కూడా లేదు.

లాయరమ్మ కాగితాలన్నీ వరసగా సర్ది, అత్తయ్య చేతిలో పెన్ను పెట్టింది. "అమ్మగారూ, ఇది కింద పెట్టకండి. మీరు సంతకానికి సిద్ధంగా ఉన్నారని ఆఫీసంతా చూడాలి."

"మూత తీసి పట్టుకోనా, పెట్టి పట్టుకోనా?"

"తీసి."

స్థలం అమ్మకూడదనుకుంటున్న కుటుంబం, అమ్మడానికి ముస్తాబై, కొనేవాడు రాకూడదని కోరుకుంటూ, కొనేవాడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇది అర్థం కాని బంట్రోతు రెండుసార్లు వచ్చి, "మీరు పార్టీనా, సాక్షులా?" అని అడిగి వెళ్ళాడు.

మెట్లమీద అడుగుల చప్పుడైనప్పుడల్లా కోడలి ప్రాణం గొంతులోకొచ్చేది. బూట్లయితే ఇంకా పైకి. ఆవిడ ప్రాణం అలా ఎక్కుతూ దిగుతూ సాయంత్రానికి బాగా అలిసిపోయింది.

అత్తయ్యకి మాత్రం హాయిగా ఉంది. ఎడంపక్క కూర్చున్న ముసలాయనకి మోకాళ్ళ నొప్పులకి చిట్కా చెప్పింది. కుడిపక్క కూర్చున్నావిడ పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వాడు పెన్ను కావాలని ఏడిస్తే ఇవ్వబోయింది.

"అమ్మగారూ!" అంది లాయరమ్మ.

"సరే సరే. కన్నా, ఈ పెన్ను నాది కాదమ్మా, కోర్టుది."

కౌంటర్లు ఒక్కొక్కటే మూస్తున్నారు. లాయరమ్మ రద్దు కాగితం సంచిలోంచి సగం బయటికి లాగింది. మామయ్య లేచి, "ఇక టర్మినల్ వచ్చేసినట్టే" అన్నాడు.

అప్పుడొచ్చాడు కళ్ళజోళ్ళాయన.

ఒంటరిగా వచ్చాడు. చేతిలో సంచీ లేదు, వెంట బావమరిదీ లేడు. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి తన కళ్ళజోడే సరిగ్గా పెట్టుకోలేదు, అది ముక్కు మీద ఒకవైపుకి ఒరిగిపోయింది. దాన్ని చూడగానే అత్తయ్య మొహం మెత్తబడటం కోడలు కళ్ళారా చూసింది. ఐపోయింది అనుకుంది.

"అమ్మా, క్షమించండి. సొమ్ము సర్దుబాటు కాలేదు."

"అంటే ఇవాళ రిజిస్ట్రేషను చేయించుకోలేరు, అంతేనా?" లాయరమ్మ అందుకుంది. "అమ్మగారు సిద్ధంగా ఉన్నారు. కాగితాలున్నాయి. స్థలం ఖాళీగా ఉంది. పెన్ను మూత కూడా తీసే ఉంది."

"మేడమ్, మిమ్మల్ని కాదు. అమ్మనే అడుగుతున్నా." అతను అత్తయ్య ముందు బెంచీ అంచున కూర్చున్నాడు. "అమ్మా, ఒక్క వారం. ఈ ఒక్కసారే. మీరు కాదంటే నేనెవర్ని అడగను?"

ముసలాయన మోకాళ్ళు రుద్దుకోవడం మానేశాడు. బంట్రోతు తాళంగుత్తి ఆడించడం ఆపాడు. మామయ్య ఊపిరి బిగబట్టాడు, ఆ ఊపిరితో ఒక లారీ టైరు నింపొచ్చు.

అత్తయ్య అతని కళ్ళజోడు వైపు చూసింది. చెయ్యి చాచి, దాన్ని ముక్కు మీద సరిగ్గా నిలబెట్టింది.

"నాయనా, ఆ స్థలం లోపలికి ఎప్పుడైనా వచ్చి చూశావా?"

"రోడ్డు మీంచి చూశానమ్మా."

"ఎందుకు కొనాలనుకున్నావు?"

అతను తల దించుకున్నాడు. "మా బావమరిది ఊరవతల ఒకటి కొన్నాడమ్మా. మా ఆవిడ రోజూ..." అక్కడ ఆగిపోయాడు. అక్కడున్న పెళ్ళైన మగవాళ్ళందరికీ మిగతాది వినబడింది.

"నాకు నిన్ను చూస్తే జాలిగానే ఉంది" అంది అత్తయ్య. "రెండుసార్లు ఆగాను. ఇక ఆగను. కుదరదు బాబూ."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నెత్తిమీద ఫ్యాను ఆగింది. అత్తయ్య మాటకే ఆగిందని బంట్రోతు ఈనాటికీ ఒట్టేసి చెప్తాడు.

కోడలు వెంటనే సంతోషించలేకపోయింది. ముందు తన చెవులు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంది. లాయరమ్మకైతే అలాంటి అనుమానాల్లేవు. ఆ మసక వెలుతురులోనే రద్దు కాగితం తీసి అత్తయ్య ముందు పెట్టింది. పొద్దున్నించీ మూత తీసి ఉన్న పెన్ను కావడంతో ఇంకు ఆరిపోయింది. మామయ్య పరుగెత్తుకెళ్ళి ఇంకోటి అడుక్కొచ్చాడు. సంతకమైంది. అతని చేతికొకటి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, ఇంకోటి రేపు పోస్టులో పంపుతానంది లాయరమ్మ.

కళ్ళజోళ్ళాయన ఆ కాగితాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వింతేమిటంటే, రద్దయ్యాక అతని భుజాలు జానెడు పైకి లేచాయి. వారంరోజుల పంటినొప్పికి పన్ను పీకించుకున్న మొహం పెట్టాడు.

"మరి... అడ్వాన్సమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"అగ్రిమెంటు ప్రకారం..." లాయరమ్మ మొదలుపెట్టింది.

"ఇచ్చేస్తాను" అంది అత్తయ్య.

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. "అమ్మగారూ, తప్పు అతనిది. అది మీ దగ్గరే ఉండొచ్చని అతనే సంతకం పెట్టాడు."

"ఉండొచ్చు అన్నారు గానీ, ఉంచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఇస్తాను నాయనా. కాకపోతే..." అత్తయ్య మొదటిసారి తడబడింది. "కాస్త టైమివ్వాలి నువ్వు నాకు."

"అయ్యో, పర్లేదమ్మా! మీకు వీలైనప్పుడే ఇవ్వండి!"

లాయరమ్మ కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి" అని అతని చేతికి పెన్ను అందించింది.

కోడలికి మాత్రం ఒక మాట దగ్గర మనసు ఆగిపోయింది. టైమెందుకు? ఆ అడ్వాన్సు పైసా ముట్టకుండా బ్యాంకులో ఉందిగా?

*

ఇంటికి పోయేదారిలో ముగ్గురూ స్థలం దగ్గర ఆగారు. మామయ్య రొట్టె కొనుక్కొస్తానని వెళ్ళాడు. అంత పెద్ద రోజుకి ఆయనకి తెలిసిన పండగ వేడి రొట్టే.

ఎండ మెత్తబడింది. పక్కింటి గోడ నీడ సగం స్థలం మీద దుప్పటి కప్పింది. మొలకెత్తిన గడ్డిలో సోఫా ఉన్నచోట మాత్రం పచ్చదనం లేక, నాలుగు మూలలా నేల తెల్లగా ఉంది. కోడలు చెప్పులు విడిచి ఆ మట్టిలో నిలబడింది. ఎవరూ తీసుకుపోలేదు. ఇది ఇక్కడే ఉంది. నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి, రెండూ ఒకేసారి రావడంతో తుమ్మొచ్చింది.

సంచిలోంచి టేపు తీసింది. ఆవిడ సంచిలో దువ్వెన లేకపోవచ్చు గానీ టేపు ఉంటుంది.

"ఇటు గుమ్మం అత్తయ్యా. పెద్దది. మూడు సీట్లది కాదు, ఏనుగు పడుకుని వచ్చినా పట్టాలి. ఇక్కడ కుట్టుమిషను. ఇటు కిటికీ. ఎండ పడితే రెగ్జిను మెత్తగా సాగుతుంది."

అత్తయ్య హద్దురాయి మీద కూర్చుని వింటోంది.

"బోర్డు మీద మీ పేరే పెడతాను. అక్కడ మీకో కుర్చీ. ఎవరిదీ కాదు, మీదే. ఏ రంగు వెయ్యమంటారు?"

"అమ్మాయ్."

"చెప్పండి."

"ఇక్కడ షెడ్డు వెయ్యనివ్వను."

టేపు కోడలి చేతిలోంచి జారి, సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఏంటత్తయ్యా?"

"పొద్దున నన్నొకటి అడిగావు. నాకేం కావాలని. పెళ్ళై వచ్చినప్పట్నించి ఈ ఇంట్లో ఆ ముక్క ఎవరూ అడగలేదు. అడిగేసరికి చెప్పడం చేతకాలేదు." అత్తయ్య లేచి నిలబడి బట్టలు దులుపుకుంది. "నాకీ స్థలం ఖాళీగానే కావాలి. ఈ మూల నుంచి ఆ మూలదాకా. తిప్పడానికి జాగా ఉండాలి."

"ఏం తిప్పడానికి?"

"మీ మామయ్య బస్సు. మీ ఆయన లారీ. జీవితమంతా నేను ఎక్కి కూర్చోడమే. ఎవరో ఆపితే దిగడమే." అత్తయ్య రోడ్డు వైపు చూసింది. "నేను నేర్చుకుంటానే. ఇక్కడే."

కోడలికి కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా పూర్తిగా దొరకలేదు. దొరికిన కాస్తతో, "నేర్చుకోడానికి బండేదీ? గాల్లో తిప్పుతారా?" అంది.

అత్తయ్య జవాబు ఇవ్వనక్కర్లేకపోయింది. వీధి మొదట్లో హారను మోగింది. ఆకుపచ్చ రంగు పాత వ్యానొకటి, దగ్గుతూ తుమ్ముతూ, ఒక్కో గుంట దగ్గరా క్షేమసమాచారాలు కనుక్కుంటూ వచ్చి, స్థలం ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"అమ్మా, సొమ్ము అందిందంట. తాళాలు మీకేగా?"

తాళాలు అత్తయ్య చేతిలో పెట్టి డ్రైవరు వెళ్ళిపోయాడు. అడ్వాన్సుకి టైమెందుకో కోడలికి అర్థమైంది.

"అత్తయ్యా! నాకు చెప్పకుండా..."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"చస్తే ఒప్పుకోను!"

"అందుకే."

"షెడ్డు సంగతి ఇంతటితో తేలిందనుకోకండి. రేపు మాట్లాడతాను."

"మాట్లాడు. రేపూ ఇదే అంటాను." అత్తయ్య మొహం వెలిగిపోతోంది. కాదనడం ఇంత బాగుంటుందని ముందే తెలిస్తే నలభై ఏళ్ళూ అనే ఉండేదనిపించేలా ఉంది.

మామయ్య వేడి రొట్టె గుండెలకి హత్తుకుని వచ్చాడు. వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టైర్లు తన్నాడు. వెనక తలుపు తెరిచి, సీట్లు లెక్కపెట్టుకుని, వృత్తిధర్మంగా మొహం విప్పారగా అడిగాడు.

"ఎవరిదే ఈ బండి?"

అత్తయ్య కోడలి వైపు చూసింది. అంతవరకూ అందరి మొహమ్మీదా కాదనేసిన మనిషి, ఈ ఒక్క మొహం ముందు మాత్రం పిడికిట్లో తాళాలు దాచుకుంది.

కోడలు కింద పడ్డ టేపు తీసి, మట్టి దులిపి, సంచిలో వేసుకుంది.

"మనదే మామయ్యా" అంది. "ఎక్కండి."

ఆయన అలవాటు కొద్దీ వెనకాల ఎక్కి, తలుపు వేసుకుని, రొట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. "రైట్ రైట్!" అని బండి గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు.

స్టీరింగు వైపు తలుపు తీసుకుని ఎవరెక్కుతున్నారో ఆయన ఇంకా చూడలేదు.